మోటారు సైకిలు మెడ

ఎడ్లబండి కట్టుటకు ముందు చక్రమును పట్టుకొని ప్రక్కలకు ఊపి చూచుట మన పెద్దల అలవాటు. ఆ ఒక్క ఊపుతోనే ఇరుసు ఎంత అరిగినది, శీల సరిగా నున్నదా, కందెన వేసి ఎన్నాళ్లయినది అను సంగతులు వారి చేతికి తెలిసిపోయెడివి. నేడు పల్నాటి గ్రామములలో ఎడ్లబండ్లు అరుదైనవి. ఇంటింట మోటారు సైకిలు నిలిచియున్నది. అయినను ఆ పాత నేర్పు వ్యర్థము కాలేదు. మోటారు సైకిలునందు దానికి పని కల్పించు కీలు ఒకటి కలదు. పెట్రోలు పోయించువారు, టైరునకు గాలి కొట్టించువారు, ఇంజనునకు నూనె మార్పించువారు సైతము ఆ కీలును తలపెట్టరు. అది హ్యాండిలు క్రింద, మెడలో, కంటికి కనబడకుండ నుండును. దానిని పరీక్షించు విధమును, ఇంటివద్దనే సవరించు విధమును, చెడిన యెడల మార్చు విధమును ఈ ప్రసంగమున మనవి చేసెదను. నేను వృత్తిచే మెకానిక్కును గాను. వినుకొండలో నా వాహనమును, ఇరుగుపొరుగువారి వాహనములను ఇంటి వసారాలో విప్పి చూచుకొను అలవాటు గలవాడను.

మొదట ఆ కీలు ఎట్లుండునో తెలిసికొందము. మోటారు సైకిలు యొక్క ఇనుప చట్రమునకు ముందుభాగమున ఏటవాలుగా అతికిన పొట్టి గొట్టము ఒకటి యుండును. దీనినే నేను మెడ అనుచున్నాను. ముందు చక్రము, దానిని పట్టియున్న రెండు షాకబ్జార్బరులు, హ్యాండిలు, ఇవన్నియు ఒకే కూర్పుగా, ఒక ఉక్కు కాడ ఆధారముగా, ఈ గొట్టములో కుడికిని ఎడమకును తిరుగును. గొట్టము పైకొన యందొకటి, క్రిందికొన యందొకటి, రెండు బేరింగులున్నవి. ఒక్కొక్క బేరింగునందు గొట్టములో బిగించిన గిన్నె యొకటి, కాడకు చేరిన కోను ఒకటి, ఆ రెంటి నడుమ వరుసగా ఉక్కు గుండ్లు ఉండును. వీని నన్నిటిని కలిపి విడిభాగముల దుకాణములలో కోన్ సెట్టు అని అమ్ముదురు. కొన్ని వాహనములలో గుండ్లకు బదులు ఒక కొన సన్నగిలిన రోలరు లుండును. కాడ పైకొనయందు, అంచున గాట్లు గల గుండ్రని నట్టు ఒకటి కలదు. దానిని త్రిప్పినకొలది రెండు బేరింగుల బిగువు హెచ్చుటయో తగ్గుటయో జరుగును. దానిపైన షాకబ్జార్బరులను పట్టియుంచు పై పట్టీయు, ఆ పట్టీమీద పెద్ద నట్టును ఉండును. ఈ రెండు నట్టులను గుర్తుంచుకొన్నచో తక్కిన ప్రసంగము సులభముగా బోధపడును.

గుండ్ల బేరింగునకు బండి యిరుసుతోనే చుట్టరికము కలదు. వేల్సు దేశమున కార్మార్థెను పట్టణమునందు ఇనుము పోతపోయించు ఫిలిప్ వాన్ అను నతడు 1794 లో గుఱ్ఱపుబండి యిరుసునకు గుండ్లను అమర్చు పద్ధతికి పేటెంటు పొందెను. అమెరికాలో బండ్లు చేయించు వ్యాపారియగు హెన్రీ టిమ్‌కెన్ 1898 లో సన్నగిలిన రోలరు బేరింగునకు పేటెంటు పొందెను. అనగా నేడు మన మోటారు సైకిలు మెడలో నున్న రెండు రకముల బేరింగులకును బండి యిరుసుతో చుట్టరికము కలదు. మన దేశమున 1955 లో మద్రాసునందు ఎన్‌ఫీల్డు ఇండియా కంపెనీ ఏర్పడి బుల్లెట్టులను తయారుచేయ నారంభించెను. 1985 లో హీరో హోండావారి సి.డి. 100, 1994 లో స్ప్లెండరు వచ్చినవి. ఆ తరువాతనే మోటారు సైకిలు రైతు లోగిలికి చేరినది. బుల్లెట్టు కానిండు, స్ప్లెండరు కానిండు, మెడలేని వాహనము లేదు.

ఈ బేరింగు త్వరగా చెడుటకు కారణము విచిత్రముగా నుండును. అది ఎక్కువగా తిరుగుటచేత గాక, చాలినంత తిరుగకపోవుటచేత చెడును. చక్రములోని బేరింగు చక్రముతోపాటు నిరంతరము తిరుగుచుండును. దానిలోని గుండ్లు తమ దారి యంతయు తిరిగి, గ్రీజును మరల మరల పూసికొనుచు, అరుగుదలను అంతటను సమముగా పంచుకొనును. మెడలోని గుండ్లకు ఆ భాగ్యము లేదు. సూటిగా పోవునప్పుడు హ్యాండిలు ఇటునటు స్వల్పముగా మాత్రమే కదలును. గుండ్లు గంటల తరబడి ఒకే తావున నిలిచి, రాతిదెబ్బలను గోతిదెబ్బలను అచ్చటనే ఓర్చుకొనవలెను. ఆ స్వల్పమైన కదలికకు గ్రీజు ప్రక్కకు తొలగును. ఉక్కు ఉక్కును రాచుకొనును. కొంతకాలమునకు గుండున కొక్కటి చొప్పున గిన్నెలో గుంటలు పడును. క్రింది బేరింగునకే ఈ హాని యెక్కువ. బరువును నీటిని దుమ్మును మొదట ఎదుర్కొనునది అదియే.

మన ప్రాంతమున ఈ హానికి తోడ్పడునవి పెక్కు కలవు. గుంటూరు నుండి వినుకొండ మీదుగా అనంతపురమునకు పోవు 544 డి జాతీయ రహదారిని విడిచి, బొల్లాపల్లి, ఈపూరు, నూజెండ్ల, శావల్యాపురము మండలముల పొలముల లోనికి పోయితిమా, రాళ్లు తేలిన బాటలును, ట్రాక్టరు చక్రములు కోసిన గాడులును ఎదురగును. ఊరూర వేగనిరోధక దిబ్బలున్నవి. దీనికితోడు వాహనమును కాలువలో దింపి కడుగుటయు, పంపుతో నీటిని గట్టిగా చిమ్మించి కడిగించుటయు అలవాటైనది. ఆ నీటిధార మెడ సందులనుండి లోనికి చొచ్చి గ్రీజును కడిగివేసి త్రుప్పును ప్రవేశపెట్టును. మురికి పోయినదని మనము సంతోషింతుము. మెడలో కీడు మొదలగును. అందుచేత కడుగునప్పుడు హ్యాండిలు క్రిందికి, ముందు పట్టీల సందులకు నీటిధారను సూటిగా కొట్టనీయరాదు.

కీలు చెడినచో ఏమగునో చెప్పవలెను. చెడుట మూడు విధములు. బేరింగు ఒదులైనప్పుడు ముందు బ్రేకు వేయగానే మెడలో టక్కుమను శబ్దము వినబడును, హ్యాండిలులో చిన్న కుదుపు తగులును, గోతులలో ముందుభాగము కొట్టుకొనును. మితిమీరి బిగిసినప్పుడు వాహనము మందగమనమున కుదురుగా నడువదు; నడుపువాడు కుడికొకమారు ఎడమకొకమారు దిద్దుకొనుచు పోవలసివచ్చును. గుంటలు పడినప్పుడు హ్యాండిలు సరిగా నడిమి స్థానమున చిక్కుకొని, అచ్చటినుండి కదల్చుటకు కొంచెము బలము పెట్టవలసి యుండును. ఆ బలము పెట్టగానే అవసరమైనదానికన్న ఎక్కువగా తిరుగును. ఎదుట లారీ వచ్చుచుండగా, వెనుక ఇల్లాలును నడుమ పసిబిడ్డయు కూర్చుండగా, ఆ అధికమైన మలుపు ఎక్కడికి త్రోయునో మీరే ఊహించుకొనుడు. వెనుకవైపున పాలక్యానులో, ఎరువుబస్తాయో వ్రేలాడుచుండినచో ముందు చక్రముమీది బరువు తగ్గి, ఈ ఊగులాట మరింత హెచ్చును. మెడ ఒదులుగా నున్నవాడు బరువు వేసికొని వేగముగా పోవుట ప్రాణముతో పందెము వేయుటయే.

వినుకొండ కొండమీద శ్రీరాముడు సీతాపహరణ వార్తను వినెననియు, అందుచేతనే ఈ పేరు కలిగెననియు మన పెద్దలు చెప్పుకొందురు. వార్త చెడ్డదైనను వినవలసినదే. మోటారు సైకిలు కూడ తన బాధను ముందుగా శబ్దముతోనే తెలుపును. కాని శబ్దమును మాన్పుటయే చికిత్స యని తలచుట పొరపాటు. ఈ ప్రసంగమున నేను ముఖ్యముగా చెప్పదలచిన సంగతి ఇదియే. ఒదులైన బేరింగును బిగించినచో బాగుపడును. గుంటలు పడిన బేరింగును బిగించినచో శబ్దము మాత్రము పోవును. గుండ్లు ఆ గుంటలలో మరింత గట్టిగా కూర్చుండును. హ్యాండిలు మరింత మొండికెత్తును. మా వీధిలోని యువకు డొకడు ఇట్టి వాహనమును నా యొద్దకు తెచ్చెను. ఒక దుకాణమున నెల దినములలో రెండుమారులు మెడను బిగించిరట. శబ్దము లేదు గాని, వాహనము తన మాట వినుట లేదని అతని ఫిర్యాదు. విప్పి చూచినప్పుడు క్రింది గిన్నెలో వ్రేలిగోరు పట్టునంత లోతుగా, జపమాల పూసలవలె వరుసగా గుంటలు కనబడెను. క్రొత్త కోన్ సెట్టు వేసినతోడనే ఆ ఫిర్యాదు తీరినది.

ఇక పరీక్ష. దీనికి పనిముట్లు అక్కరలేదు. తోడుగా ఒక మనిషి చాలును. వాహనమును చదునైన నేలమీద సెంటర్ స్టాండున నిలిపి, తోడివానిచే వెనుకభాగమును క్రిందికి అదిమి పట్టింపవలెను. ముందు చక్రము నేలనుండి లేచును. సెంటర్ స్టాండు లేని వాహనమైనచో చట్రము క్రింద గట్టి కొయ్యదిమ్మ పెట్టి, పడిపోకుండ పట్టింపవలెను. పొగగొట్టమునకు బరువు ఆననీయరాదు. ఇప్పుడు ముందు కూర్చుండి, షాకబ్జార్బరుల క్రింది కొనలను రెండుచేతుల పట్టుకొని, ముందునకును వెనుకకును లాగి చూడవలెను. తోడివాడు ఒక చేతి వ్రేలిని మెడ గొట్టమునకును క్రింది పట్టీకిని నడుమ నున్న సందున ఆనించినచో, ఒదులు ఏ మాత్రమున్నను ఆ వ్రేలికి తెలియును. తరువాత హ్యాండిలును రెండు వ్రేళ్లతో మాత్రమే పట్టుకొని ఈ కొననుండి ఆ కొనవరకు మెల్లగా త్రిప్పవలెను. అది నీటిమీద పడవవలె తొట్రుపాటు లేక కదలవలెను. నడుమ చిక్కుకొన్నచో గుంటలున్నవని గ్రహింపవలెను. గరగర మన్నచో త్రుప్పో ఇసుకయో చేరినదనుట. నడిమి స్థానమునుండి కొంచెము నెట్టినయెడల హ్యాండిలు తన బరువుతో తానే ప్రక్కకు వాలవలెను. వాలక నిలిచినచో బిగువు ఎక్కువ. తీగలు ఎక్కడనైన ఇరికి లాగుచున్నను ఇట్లే తోచును గనుక వానిని ముందుగా చూచుకొనవలెను.

ఒక హెచ్చరిక. ముందు చక్రము కదలినంత మాత్రమున దోషము మెడదే యని నిశ్చయింపరాదు. చక్రమును అంచున పట్టి ప్రక్కలకు ఊపినప్పుడు, షాకబ్జార్బరులు నిలకడగానుండి చక్రము మాత్రమే కదలినచో ఆ ఒదులు చక్రపు బేరింగుది. షాకబ్జార్బరులో జారెడు గొట్టము తన ఒరలో కొట్టుకొనుచున్నచో దోషము దానిది. వాహనమును నేలమీద నుంచి బ్రేకు పట్టి ముందునకు నెట్టి చూచునప్పుడు, బ్రేకు భాగముల సహజమైన ఒదులుకూడ టక్కుమనవచ్చును. అందుచేతనే సందున వ్రేలుంచి చూడుడని చెప్పితిని. కొందరు యువకులు రహదారిమీద పోవుచు హ్యాండిలు విడిచిపెట్టి ఊగునేమో యని పరీక్షింతురు. ఆ పరీక్షను గట్టిగా వారింపవలెను.

గుంటలు లేక ఒదులు మాత్రమే యున్నచో సవరణ యింట చేసికొనవచ్చును. కావలసినవి పెద్ద నట్టునకు సరిపడు పానా, గాట్ల నట్టును పట్టు కొక్కెపు పానా. ఈ రెండవదానికి బదులు ఉలిని ఆనించి సుత్తితో కొట్టుట చాలచోట్ల కనబడుచున్నది. అది నట్టు గాట్లను విరుచును. దెబ్బ గుండ్లకు తగులును. ఎంత తిరిగినదో చేతికి తెలియదు. పెట్రోలు ట్యాంకుపై మందమైన దుప్పటి కప్పి, పై పెద్ద నట్టును ఒదులు చేయవలెను. అనేక వాహనములలో పై పట్టీ షాకబ్జార్బరులను పట్టు బోల్టులనుకూడ కొంచెము ఒదులు చేసినగాని ఆ పట్టీ కదలదు. పిదప గాట్ల నట్టును గడియారపు ముల్లు తిరుగు దిశను చుట్టులో ఎనిమిదవ వంతుకు మించకుండ త్రిప్పి, హ్యాండిలును రెండుకొనలకు నాలుగైదు పర్యాయములు మలచి గుండ్లను కుదురుకొననిచ్చి, మరల పరీక్షింపవలెను. ఒదులు పోవునంతవరకే బిగింపవలెను. ఆపైన ఒక్క పిసరును వలదు.

ఇచ్చట ఒక రహస్యము కలదు. గాట్ల నట్టుతో బిగువు సరిపోయినదని తలచి పై పెద్ద నట్టును బిగించునప్పటికి, ఆ బిగింపు మరల క్రిందికి ఒత్తి బేరింగును ఇంకను కొంచెము బిగించును. కావున పైనట్టును, పట్టీ బోల్టులను పూర్తిగా బిగించిన పిదపనే కడపటి పరీక్ష చేయవలెను. అప్పుడు హ్యాండిలు బరువుగా తోచినచో మరల ఒదులుచేసి గాట్ల నట్టును రవంత వెనుకకు త్రిప్పవలెను. ఇట్లు రెండు మూడు పర్యాయములు చేయవలసి రావచ్చును. ఓర్పు లేనివాడు ఈ పనికి పూనుకొనరాదు. ఏ నట్టును ఎంత బలముతో బిగింపవలెనో కంపెనీవారి సర్వీసు పుస్తకమున వ్రాసియుండును. ఆ కొలతను అనుసరించుటయే మేలు.

గుంటలు పడినచో కోన్ సెట్టు మార్చవలసినదే. ఇది ఒక పూట పని. ముందు చక్రమును, షాకబ్జార్బరులను, హ్యాండిలును వరుసగా విప్పవలెను. డిస్కు బ్రేకు గల వాహనమున నూనెగొట్టమును విప్పక, బ్రేకు భాగమును త్రాడుతో పైకి కట్టి వ్రేలాడకుండ చూడవలెను. తీగలు ఏ దారిన పోవుచున్నవో ముందుగా ఫోనులో ఫోటో తీసికొన్నచో మరల కూర్చునప్పుడు తడుముకొన నక్కరలేదు. నేలమీద తెల్లనిగుడ్డ పరచి, క్రింది పట్టీని ఒక చేత పైకి పట్టుకొని, గాట్ల నట్టును విప్పవలెను. పట్టు విడిచితిమా, కాడ జారి గుండ్లు నేలపాలగును. పైవరుస గుండ్లు ఎన్ని, క్రిందివరుస గుండ్లు ఎన్ని అన్నది విడివిడిగా లెక్కించి వ్రాసికొనవలెను. గుండ్ల వరుసలో కొంచెము ఖాళీ యుండుట సహజము. ఆ ఖాళీని చూచి మరియొక గుండును ఇరికించుట తగదు.

పాత గిన్నెలను గొట్టము లోపలినుండి ఉక్కు కడ్డీ ఆనించి, ఒకమారు ఈ ప్రక్కను ఒకమారు ఆ ప్రక్కను మెల్లగా తట్టుచు వెలికి తీయవలెను. ఒకే ప్రక్కను కొట్టినచో గిన్నె అడ్డముపడి గొట్టమును చెరచును. గొట్టమును డీజిలుతో కడిగి తుడిచి ఆరబెట్టి, క్రొత్త గిన్నెలను ఎక్కింపవలెను. మరచుట్లుగల పొడవైన ఉక్కు కడ్డీని గొట్టమున దూర్చి, రెండుప్రక్కల మందమైన బిళ్లలు వేసి, నట్టును బిగించుచు పోయినచో గిన్నెలు దెబ్బలేకుండ తిన్నగా లోపలికి దిగును. గుండ్లు తిరుగు నున్నని దారిమీద సుత్తిదెబ్బ పడరాదు. కాడకు అడుగున పట్టియున్న క్రింది కోను మాత్రము గట్టిగా బిగిసియుండును. దానిని ఊడదీయుటకు సాధనములు లేనివారు ఆ కాడను, క్రొత్త కోనును చేతబట్టుకొని లేతుపనివాని యొద్దకో, మెకానిక్కు యొద్దకో పోయి మార్పించుకొనవలెను. ఇందులో చిన్నతనము లేదు. క్రొత్త గుండ్లను పాత గిన్నెలలోను, పాత గుండ్లను క్రొత్త గిన్నెలలోను ఎన్నడును కలుపరాదు. ఒకచోట చెడినను రెండు బేరింగులను కలిపి మార్చవలెను. గిన్నెలలో దండిగా మంచి బేరింగు గ్రీజు పూసి గుండ్లను అందులో కూర్చినచో అవి జారక నిలుచును. ఇంజను నూనెయు ఆముదమును ఇచ్చట నిలువవు.

కూర్పు ముగిసిన పిదప తొందరపడి ఎక్కరాదు. ముందు బ్రేకు పట్టుచున్నదా, చక్రపు ఇరుసు నట్టు బిగిసినదా, హ్యాండిలును ఏ కొనకు త్రిప్పినను తీగలు ఇరుకకుండ నున్నవా, ఇంజను వేగము దానంతట అది పెరుగుట లేదు గదా యని నిలిపియుంచియే చూడవలెను. తరువాత ఖాళీ కళ్లములో మెల్లగా నడిపి చూడవలెను. క్రొత్త బేరింగు కొన్ని దినములకు కుదురుకొని కొంచెము ఒదులగుట సహజము. అప్పుడు మరల పరీక్షించి సవరింపవలెను. గ్యారంటీ గడువులో నున్న వాహనమును విప్పక కంపెనీ సర్వీసునకు పంపుట యుక్తము.

పెద్దలు మోటారు సైకిలు నడుపకపోవచ్చును. ఐనను ఇంటిలో వాహనముల మంచిచెడ్డలను విచారించు అధికారము వారిదే. కోటప్పకొండ తిరునాళ్లకు కుటుంబముతో బయలుదేరుటకు ముందు, మిరపకోతలు మొదలగుటకు ముందు, వానకాలము ముగిసిన పిమ్మట, ఏడాదిలో ఈ మూడు వేళల మనుమని పిలిచి ముందు చక్రము లేపించి మీ చేతితో ఊపి చూడుడు. ఇరుసు అరుగుదల నెరిగిన ఆ చేతికి ఈ ఒదులు తెలియకపోదు. మెడను దుకాణమున బాగుచేయించి తెచ్చితినని కుర్రవాడు చెప్పినప్పుడు, "గిన్నెలు విప్పి చూచిరా, ఊరక బిగించిరా?" అని యడుగుడు. మార్చిరని చెప్పినచో పాత గిన్నెలను తెచ్చి చూపుమనుడు. వానిలో వరుసగా గుంటలు కనబడినచో పెట్టిన ఖర్చు సార్థకమైనదని నమ్మవచ్చును. బిగించుట మాత్రమే జరిగినచో, ఆ సాయంత్రమే రెండు వ్రేళ్లతో హ్యాండిలును త్రిప్పి చూచి, అది నడుమ చిక్కుకొన్నయెడల తాళముచెవిని మీ యొద్ద నుంచుకొనుడు. కోన్ సెట్టు మార్చినదాక వాహనము గడప దాటనక్కరలేదు.